పాత గోడకు సిమెంటు దర్జు ఎందుకు పడదు?

సంక్షిప్తంగా

పాత రాతి, ఇటుక గోడల సందుల్లో సిమెంటు నింపితే గోడ గట్టిపడదు. లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, దర్జు (సందులో నింపిన ముద్ద) కంటే ముందు రాయో ఇటుకో గోడ గుండెలోని మట్టో పాడవుతుంది. సున్నపు దర్జు మెత్తగా ఉంటుంది. తాను అరుగుతూ గోడను నిలబెడుతుంది. అలాగని అన్ని పాత గోడలకూ మందు ఒకటే కాదు. ఉత్తర తెలంగాణలో ప్రధానంగా కనిపించే మూడు రకాల గోడలకు మూడు తీర్ల మరమ్మతు కావాలి.

2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ మండలమే అది. ఏడాది పొడవునా పడవలసిన వానలో దాదాపు సగం ఒక్క రోజులో పడిందన్నమాట. అంతటి వాన అరుదే కావచ్చు. కానీ ఏ వానాకాలంలోనైనా వరుసగా నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పాత గోడలు కూలిన వార్తలు వస్తాయి. మున్సిపాలిటీలు శిథిల గృహాలకు నోటీసులు ఇస్తాయి. ఇల్లు ఖాళీ చేయలేనివారు తాపీ మేస్త్రీని పిలిపించి, నోళ్ళు తెరుచుకున్న సందులన్నిటినీ సిమెంటుతో పూడ్పిస్తారు.

ఆ సంవత్సరానికి గోడ కొత్తదిలా కనిపిస్తుంది. కొన్ని వానాకాలాలు గడిచాక వరంగల్ పాత వీధుల్లో, కరీంనగర్, జగిత్యాల పాత ఇళ్ళలో ఒక విచిత్రమైన దృశ్యం ఎదురవుతుంది. సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా నిలిచి ఉంటాయి. వాటి నడుమ ఉండవలసిన ఇటుకలు మాత్రం లోపలికి గుంతలు పడి, వేలితో తాకితే ఎర్రటి పొడిగా రాలుతుంటాయి. గోడ ఖాళీ తేనెపట్టులా తయారవుతుంది. సందును కాపాడారు, ఇటుకను పోగొట్టుకున్నారు. దీనికి కారణం మేస్త్రీ పనితనంలో లేదు, వాడిన సామగ్రి స్వభావంలో ఉంది.

దర్జు చేసే పని

రాయికీ రాయికీ మధ్య ఉండే సందును, అందులో నింపే ముద్దను మేస్త్రీలు దర్జు అంటారు. రాళ్ళను ఒకదానికొకటి అతికించే జిగురే దర్జు అన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. పాత కట్టడంలో రాళ్ళు అతుకు మీద ఆధారపడవు, తమ బరువుతో తామే నిలుస్తాయి. అయితే ఏ రాయి అడుగూ పూర్తిగా సమంగా ఉండదు. ఎత్తుగా ఉన్న ఒక్క మొన మీదే బరువంతా పడితే రాయి పగులుతుంది. ఆ బరువును సమంగా పంచే పరుపు లాంటిది దర్జు.

పరుపు మెత్తగా ఉండాలి. ఉత్తర తెలంగాణలో చాలా చోట్ల పునాది కింద రేగడి ఉంటుంది. ఆ నేల ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వానలు పడగానే ఉబ్బుతుంది. దాని మీది గోడ ఏటా కొద్దిగా లేస్తుంది, కొద్దిగా కుంగుతుంది. ఆ కదలికను సున్నపు దర్జు తనలో ఇముడ్చుకుంటుంది. సన్నని బీటలు పడినా, వాన నీటిలో కొద్దిగా కరిగిన సున్నం ఆ బీటల్లోనే మళ్ళీ గట్టిపడి వాటిని చాలావరకు పూడుస్తుంది. సిమెంటు దర్జు వంగదు. గోడ కదిలినప్పుడు తానైనా పెద్దగా చీలాలి, పక్కనున్న ఇటుకనైనా చీల్చాలి.

అంకెల్లో చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. ఒత్తిడిని తట్టుకునే శక్తిని మెగాపాస్కల్‌లలో కొలుస్తారు. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు పది కిలోల బరువు. మామూలు సున్నపు దర్జు శక్తి ఒకటి నుంచి మూడు. ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ళ ఇసుకతో చేసిన దర్జు శక్తి ఏడుకు అటూ ఇటూ. భారతీయ ప్రమాణాల్లో ఇటుకల అట్టడుగు తరగతి మూడున్నర. ఊరి బట్టీలో కట్టెలతో కాల్చిన పాత నాటు ఇటుకలు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అంటే సున్నపు దర్జు ఇటుక కంటే మెత్తన, సిమెంటు దర్జు ఇటుకకు రెట్టింపు గట్టి. గోడలో ఏదో ఒకటి అరగక తప్పదు. దర్జును గీకి మళ్ళీ నింపవచ్చు. ఇటుక పోతే గోడే పోతుంది.

నీరు ఎటు పోవాలి

బలం కంటే పెద్ద సమస్య నీటిది. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక నేలలోని తేమను పైకి పీలుస్తుంది. నిమ్ము ఎక్కడం అంటే ఇదే. పాత ఇళ్ళ పునాదుల్లో తేమను అడ్డుకునే పొర ఉండదు. కట్టినవారికి ఆ సంగతి తెలియక కాదు. ఎక్కిన తేమ ఎక్కినట్టే సున్నపు దర్జు గుండా, సున్నపు పూత గుండా ఆవిరై పోయేది. గోడ తడిసేది, ఆరేది.

దర్జును సిమెంటుతో మూసినప్పుడు నీరు ఆగిపోదు, దారి మార్చుకుంటుంది. మిగిలిన ఒక్క దారి ఇటుక ముఖం. నీటితో పాటు నేలలోని లవణాలూ అటే వస్తాయి. పశువుల కొట్టాలు, మురుగు కాలువలు ఆనుకున్న గోడల్లో అవి మరీ ఎక్కువ. సిమెంటులో ఉండే లవణాలు వాటికి తోడవుతాయి. నీరు ఆవిరైనప్పుడు లవణం ఇటుక రంధ్రాల్లో పలుకులుగా గడ్డకట్టి, రంధ్రపు గోడలను నెడుతుంది. మళ్ళీ వాన వస్తే కరుగుతుంది, మళ్ళీ ఎండ వస్తే గడ్డకడుతుంది. ఇలా ప్రతి విడతకూ ఒక పొర పెచ్చులూడుతుంది. గోడకు చౌడు పట్టిందని, ఉప్పు పొంగిందని ఊళ్ళలో అనేది దీన్నే. చలి దేశాల్లో ఇదే నష్టం రంధ్రాల్లో నీరు మంచుగా గడ్డకట్టడం వల్ల జరుగుతుంది. వరంగల్‌లో మంచు లేదు కాబట్టి ఇబ్బంది లేదనుకోవడానికి వీల్లేదు. తడిసి ముద్దయ్యే నాలుగు నెలలు, ఆ తర్వాత 45 డిగ్రీలకు చేరే ఎండాకాలం ఉన్న చోట ఆ పనిని ఉప్పు చేస్తుంది.

గ్రానైట్ గోడల్లో కథ మరోలా నడుస్తుంది. నాటు ఇటుకలో నూటికి పాతిక వంతులకు పైగా ఖాళీ రంధ్రాలే. గ్రానైట్‌లో అవి సాధారణంగా నూటికి ఒక వంతు కూడా ఉండవు. రాయి నీరు తాగదు, వదలదు. గోడలోకి వచ్చే నీరైనా, పోయే నీరైనా దర్జు గుండానే. ఆ దర్జును మూస్తే గోడకు ఊపిరి ఆడే దారి ఒక్కటీ మిగలదు. ఇటుక గోడలో నష్టం కళ్ళకు కనిపిస్తుంది, హెచ్చరిస్తుంది. రాతి గోడలో పైకి ఏ మచ్చా కనిపించదు. అందుకే రాతి గోడకు సిమెంటు పనికొస్తుందన్న నమ్మకం ఇంకా చెదరలేదు.

కొత్తగా తోడైన కారణం మరొకటి ఉంది. పాత పేటల్లో సీసీ రోడ్లు ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోవడంతో వీధి ఎత్తు పెరిగింది. ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కి వెళ్ళవలసిన అరుగులు ఇప్పుడు వీధికి సమంగా, కొన్ని చోట్ల పల్లంగా ఉన్నాయి. వాన నీరు గోడ అడుగునే నిలుస్తుంది. అక్కడి నీటిని మళ్ళించకుండా దర్జులు ఎంత శ్రద్ధగా నింపినా శ్రమ వృథాయే.

మూడు రకాల గోడలు

మొదటిది అసలు దర్జే లేని గోడ. వరంగల్ కోటలోని రాతి ప్రాకారం ఇందుకు గొప్ప ఉదాహరణ. గణపతిదేవుడి కాలంలో మొదలై, రుద్రమదేవి కాలంలో పూర్తయిన ఈ గోడలో పెద్ద పెద్ద గ్రానైట్ దిమ్మెలను సున్నం లేకుండానే ఒకదానిపై ఒకటి పేర్చారు. వెనుక మట్టికట్ట. కట్టలోకి ఇంకిన వాన నీరు రాళ్ళ సందుల్లోంచి బయటికి జారిపోతుంది. ఇలాంటి గోడ సందుల్లో ఏం నింపినా, అది సున్నమే అయినా, వెనుక నీరు నిలిచి గోడను ముందుకు తోస్తుంది. చెరువు కట్టకు తూము మూసినట్టే. ఇక్కడ చేయవలసింది సందుల్లో మొలిచిన రావి, మర్రి, జువ్వి మొక్కలను వేళ్ళు లావెక్కక ముందే తీయడం, పైన నీరు నిలవకుండా చూడడం, జారిన దిమ్మెలను తిరిగి వాటి చోట కూర్చోబెట్టడం. లావెక్కిన వేరును లాగితే రాళ్ళు కూడా వస్తాయి. దాన్ని కోసి, చంపి, కుళ్ళనివ్వాలి.

రెండోది గడీలు, పాత మిద్దెలు, పల్లెల్లోని పెంకుటిళ్ళ గోడ. చూడడానికి ఇది రెండడుగుల మందపు రాతి గోడ. నిజానికి అది రెండు సన్నని గోడలు, వాటి మధ్య మట్టి అడుసు, రాతి ముక్కల కూరుడు. సున్నం ఖరీదైనది కాబట్టి బయటి దర్జులకే వాడి, లోపల మట్టితో సరిపెట్టారు. రెండు ముఖాలనూ కలిపి ఉంచేవి అడపాదడపా గోడ మందమంతా పరుచుకుని ఉండే పొడవాటి బంధపు రాళ్ళు. సిమెంటు వల్ల మోసపోయేది ఎక్కువగా ఈ గోడే. పిట్టగోడ పైనుంచో చూరు కిందినుంచో లోపలికి దిగిన నీరు బయటికి రాలేదు. నడుమనున్న మట్టి నాని, అడుక్కి జారి, బయటి రాళ్ళను పక్కకు నెడుతుంది. గోడ ఉబ్బుతుంది. ఇలాంటి గోడలు కొన్ని వానలో కాకుండా వాన వెలిసిన రెండు మూడు రోజులకు కూలడానికి కారణం ఈ నాని ఉన్న గుండే.

ఉబ్బును కనిపెట్టడం కష్టం కాదు. గోడ పైఅంచు నుంచి తూకపు గుండు వేలాడదీసి, అడుగడుగునా పురికొసకూ గోడకూ మధ్య దూరం కొలిస్తే చాలు. కొలతలు గోడ మీదే సుద్దతో రాసి తేదీ వేసి, మళ్ళీ వానాకాలం వెళ్ళాక కొలవాలి. అంకె మారకపోతే అది పాత ఉబ్బు. మారితే గోడ నడుస్తోందని అర్థం. నడుస్తున్న గోడకు దర్జు మరమ్మతు వైద్యం కాదు. ఆ భాగాన్ని ఆనికలతో నిలిపి, విప్పి, కొత్త బంధపు రాళ్ళు వేసి కట్టుకోవాలి.

మూడోది సున్నంలో కట్టిన ఇటుక గోడ. నిజాం కాలపు కచేరీలు, బడులు, షాహుకార్ల ఇళ్ళు ఎక్కువగా ఈ కోవవే. పైన చెప్పిన తేనెపట్టు రోగం వీటిదే. సున్నపు దర్జు మరమ్మతు అత్యంత చక్కగా పనిచేసేదీ వీటిమీదే.

ఇటుక ఎంత గుల్లగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరంలోని ఇటుకలు నీటిలో తేలేంత తేలికగా ఉంటాయి. వాటి ఒళ్ళంతా గాలి గదులే. పైభారం తగ్గించడానికి అలాంటి ఇటుక, కింద కదలికను ఇముడ్చుకోవడానికి ఇసుక నింపిన పునాది: కాకతీయ శిల్పులు గట్టిదనాన్ని ఎక్కడ వాడాలో, మెత్తదనాన్ని ఎక్కడ వాడాలో ఎంత ఎరిగి ఉన్నారో ఈ రెండూ చెబుతాయి.

సున్నం ఎలా తెరమరుగైంది

సున్నం, సిమెంటు రెండూ ఒకే రాతి బిడ్డలు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే పొడిసున్నం. అదే రాయిని బంకమన్నుతో కలిపి సుమారు 1450 డిగ్రీల దాకా కాల్చి నూరితే సిమెంటు. మంచిర్యాల, బసంతనగర్, దేవాపూర్ ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వెలసింది అక్కడి సున్నపురాతి నిక్షేపాల వల్లే. సిమెంటు నీటితో కలవగానే గంటల్లో గట్టిపడుతుంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుంటూ నెలల తరబడి మళ్ళీ రాయిగా మారుతుంది. కొత్త కట్టడాల వేగానికి సున్నం ఓపిక సరిపడలేదు. సున్నం నూరడానికి ఎద్దులు తిప్పే గానుగలు పోయాయి, బట్టీలు ఆరిపోయాయి, డంగు సున్నం (గానుగలో నూరిన సున్నపు ముద్ద) చేయడం తెలిసిన మేస్త్రీలు తగ్గారు. స్తంభాలకు, స్లాబులకు సిమెంటు సాటిలేనిదే. పాత గోడ సందులో మాత్రం దానికి పని లేదు.

బజారులో దొరికే సున్నంతో చిక్కు ఉంది. వెల్ల వేయడానికి అమ్మే పొడి సంచులు ఎంతకాలం గోదాములో పడి ఉన్నాయో తెలియదు. గాలి తగిలి సంచిలోనే రాయిగా మారిన సున్నానికి ఇక అంటుకునే గుణం ఉండదు. పరీక్ష తేలిక. చిటికెడు పొడిని నీటిలో కలిపి దాని మీద నిమ్మకాయ పిండాలి. తాజా సున్నం పెద్దగా పొంగకుండా కరుగుతుంది. చచ్చిన సున్నం సోడాలా బుసబుస పొంగుతుంది.

మరమ్మతు సాగే తీరు

ముందు పాత దర్జును చదవాలి. తాళంచెవితో గీకితే ఇసుకలా జారేది మట్టి, గీత పడి తెల్లటి పొడి రాలేది సున్నం, గీత పడనిది సిమెంటు. పాత సున్నపు ముద్దను నలిపి పలుచని ఆమ్లంలో వేస్తే సున్నం కరిగిపోయి, అప్పట్లో వాడిన ఇసుక అడుగున మిగులుతుంది. దాని రంగు, ముతక చూసి మానేరు ఇసుకలోనో గోదావరి ఇసుకలోనో దానికి దగ్గరిది ఎంచుకోవచ్చు. ఎర్రటి రేణువులు కనిపిస్తే సుర్ఖీ, అంటే ఇటుక పొడి, కలిపారన్నమాట.

సందు వెడల్పుకు రెట్టింపు లోతు, ఎంత తక్కువన్నా 25 మిల్లీమీటర్లు, సన్నని ఉలితో గీకి తీయాలి. తిరిగే కోత యంత్రం పెడితే పని గంటలో అవుతుంది కానీ ఇటుక అంచులు తెగి సందు శాశ్వతంగా వెడల్పవుతుంది. దుమ్మంతా కడిగి, ఇటుకలు దర్జులోని నీటిని లాగేయకుండా ముందురోజే తడిపి ఉంచాలి.

ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక అన్న లెక్క ఊరికే వచ్చింది కాదు. చెంబు నిండా ఎండిన ఇసుక పోసి, మరో పాత్రతో కొలుస్తూ నీరు పైకి తేలేదాకా పోస్తే, మంచి ఇసుక దాదాపు మూడో వంతు చెంబు నీటిని పడుతుంది. రేణువుల మధ్య ఖాళీ అంత. ఆ ఖాళీని నింపేందుకే ఒక పాలు సున్నం. నీరు ఇంకా ఎక్కువ పట్టిందంటే రేణువులన్నీ ఒకే సైజువని అర్థం. ముతకా సన్నం కలిపి సరిచేసుకోవాలి. నేలకు దగ్గరి వరసల్లో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది కనుక అక్కడ ఇసుకలో కొంత భాగం బదులు సుర్ఖీ కలిపితే దర్జు తడిలోనూ గట్టిపడుతుంది. సుర్ఖీకి ఎర్రగా కాలిన ఇటుక కావాలి. నల్లగా మాడినదానికి ఆ గుణం పోతుంది. బెల్లం, కరక్కాయ నీళ్ళ గురించి ఎంతో చెబుతారు. అవి ముద్దను సాగేలా చేసి పనికి అనువుగా మారుస్తాయి. చచ్చిన సున్నాన్ని మాత్రం బతికించలేవు.

ముద్దను ఒకేసారి కూరకుండా వేలి మందం చొప్పున పొరలుగా గట్టిగా నొక్కాలి. వెడల్పాటి సందుల్లో రాతి చిప్పలు దిగగొట్టాలి. అప్పుడే సున్నం ఎండి కుంచించుకుపోయినా బీట పడదు. పై అంచు రాయి ముఖం కంటే కొద్దిగా లోపలికే ఉండాలి. రాయి మీదికి పూసి, ఉబ్బెత్తుగా గీతలు తీర్చే అలవాటు సిమెంటుతో వచ్చింది. ఆ గీత మీద నీరు నిలుస్తుంది. చివరగా వారం, పది రోజులు తడి గోనె పట్టాలు కప్పి ఉంచాలి. ఎండిపోతే సున్నం గట్టిపడటం ఆగిపోతుంది, పొడిగా రాలుతుంది. అందువల్ల వరంగల్ వాతావరణంలో ఈ పనికి కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. వేసవిలో మొదలుపెట్టి, తొలకరి లోపు ముగించాలన్న తొందర పనిని పాడుచేస్తుంది. ఖర్చులో పెద్ద వాటా సామానుది కాదు, ఈ ఓపికతో కూడిన కూలిరోజులది.

అనుమతి ఎక్కడ కావాలి

కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పురాతన కట్టడాల రక్షణకు 1958లో చేసిన చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ఈ సంగతి చెబుతోంది. వరంగల్ కోట లోపలా చుట్టూ వందల కుటుంబాలు నివసిస్తున్నందున ఇది నిత్యజీవితపు విషయం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి మాత్రం అనుమతి తీసుకుని మరమ్మతు చేసుకోవచ్చు. గోడ కూలేదాకా ఆగితే మరమ్మతు కాస్తా పునర్నిర్మాణంగా మారి, వ్యవహారం జటిలమవుతుంది. వేళకు దర్జులు సరిచేసుకోవడంలో ఈ లాభం కూడా ఉంది.

విప్పి తిరిగి కట్టడం ఎంత భారమో హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం చూస్తే తెలుస్తుంది. రాయి రాయినీ విప్పి, తిరిగి పేర్చి, ఏళ్ళ తరబడి సాగిన పని తర్వాత 2024 మార్చిలో దాన్ని మళ్ళీ తెరిచారు. ప్రభుత్వ నిధులు, నిపుణులు ఉన్న చోట అది సాధ్యమైంది. మామూలు ఇంటివారికి ఆ దశ రాకముందే మేలుకోవడం ఒక్కటే దారి.

ఇప్పటికే వేసిన సిమెంటు సంగతి

చాలా గోడల్లో సిమెంటు ఇప్పటికే ఉంది. దాన్నంతా తీసేయాలా అన్న ప్రశ్నకు గోడనే అడగాలి. ఒక చదరపు అడుగులో ఉలితో ప్రయత్నించి చూస్తే, కొన్ని చోట్ల పైపైన పూసిన సిమెంటు పెంకులా ఊడి వస్తుంది. అలాంటిది తీసి సున్నం నింపడం మంచిది. కొన్ని చోట్ల అది ఇటుకను అంటిపెట్టుకుని, ఉలి దెబ్బకు ఇటుక అంచుతో సహా ఊడుతుంది. అక్కడ తీయడమే ఎక్కువ నష్టం. అలాంటి భాగాన్ని కదపకుండా వదిలి, నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు, అంటే నిమ్ము ఎక్కే మేరకు, వీలైనన్ని దర్జులను మాత్రం తెరిచి సున్నం పెట్టాలి. గోడ లోపలి వైపు ప్లాస్టిక్ రంగు ఉంటే గీకి వెల్ల వేయాలి. గోడ అడుగున నిలిచే నీటికి కాలువ తీయాలి. మిగిలిన సిమెంటు ఏళ్ళు గడిచేకొద్దీ కొన్ని చోట్ల తనంతట తాను వదులు కావచ్చు. అలా వదులైన చోటల్లా ఆ ఏడాది కార్తీకంలో సున్నం నింపుకుంటూ రావచ్చు.